సోషల్ క్లాసులో సినిమా: మధ్యలో ఆపితేనే పాఠం

"హైస్కూల్లో చరిత్ర, సాంఘిక శాస్త్రం పాఠాలకు వీడియోలు, సినిమాలు చూపిస్తే పిల్లలకు నిజంగా ఏమైనా ఒంటబడుతుందా?" అని అడిగారు.

తప్పకుండా ఒంటబడుతుంది. కాకపోతే వీడియో పెట్టేసి మాస్టారు పక్కన కూర్చుని రిజిస్టర్లు రాసుకుంటే ఏమీ రాదు. విజయనగరం జిల్లాలో చాలాకాలంగా సోషల్ చెబుతున్నాను కాబట్టి గట్టిగానే అంటున్నాను.

ఒకసారి తొమ్మిదో తరగతికి 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం' సినిమాలో కోట ముట్టడి చూపించి, మంచి పట్టులో ఉండగా ఆపేశాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "మాస్టారూ, బుస్సీ పక్కనున్నది మన విజయనగరం రాజే కదా! మనోళ్లు తెల్లోళ్లతో ఎందుకు కలిశారు?" అమ్మమ్మగారి ఊరు బొబ్బిలి అయిన పిల్ల వెంటనే అందుకుంది. "అందుకే మా పాపారాయుడు వదల్లేదు!" అంతే, క్లాసు రెండు వర్గాలైపోయింది. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు.

అప్పుడు చెప్పాను అసలు పాఠం. 1753లో హైదరాబాద్ నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తా జిల్లాలను, ఫ్రెంచివాళ్లకు అప్పగించాడు. శిస్తు వసూలు కావాలంటే వాళ్ల సేనాని బుస్సీకి ఇక్కడి జమీందార్ల అండ కావాలి. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజుకేమో బొబ్బిలితో పాత పగలున్నాయి. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో జరిగిన ఘోరం వెనక ఇదంతా ఉంది. సినిమా చూసినవాడికి పౌరుషం గుర్తుంటుంది, శిస్తు గుర్తుండదు. ఆ శిస్తు సంగతి చెప్పడానికే టీచరు ఉండాలి.

విద్యా చిత్రాలని పేరు పెట్టి వచ్చేవాటితో నా గొడవ వేరు. పిల్లలకు కొరుకుడుపడని గ్రాంథికం, వెనక వీణ, ఎప్పుడు చూసినా తాజ్‌మహల్, ఎర్రకోట. కళింగ యుద్ధం అనగానే ఒడిశాలోని ధౌలి చూపించి ఊరుకుంటారు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలున్నాయని, ముఖలింగం ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని అని నేను చూసినవాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. పైగా సరిగ్గా పిల్లలు లీనమయ్యే వేళకి మధ్యలో యాడ్ వచ్చిపడుతుంది.

ఇంకో బాధ కూడా ఉంది. 1794 జూలై 10న ఇదే పూసపాటి వంశంలోని చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ (కప్పం) బకాయిల దగ్గర మొదలైన తగువు అది. బొబ్బిలి కథ మా పిల్లలకు నోటికి వచ్చు, పక్కనే ఉన్న పద్మనాభం మాత్రం గుట్ట, గుడిగానే తెలుసు. సినిమాకెక్కిన యుద్ధమే మనకు యుద్ధమా?

కాబట్టి పది నిమిషాలకు మించి చూపించకండి. చూపించే ముందే ఒక ప్రశ్న బోర్డు మీద రాయండి. మీది శ్రీకాకుళం వైపైతే శాలిహుండంతో మొదలుపెట్టి, కొండెక్కేటప్పుడు ఫోనిచ్చి పిల్లల చేతే వీడియో తీయించండి. మాటలు కూడా వాళ్ల యాసలోనే చెప్పనివ్వండి, దిద్దకండి.