రోకలి అరుగుదల రాశారు, నేల అరుగుదల?

ప్రశ్న: మాది కదిరి. నాలుగేళ్లుగా గానుగ నూనె వ్యాపారం చేస్తున్నాం. చేతిలో 8 లక్షలున్నాయి. దీనికి అప్పు కలిపి రెండో గానుగ పెడదామని మావారు అంటున్నారు. మాకు వేరుశనగ కాయ వేసే 12 మంది రైతులతో ప్రకృతి సేద్యం చేయించి, కాస్త ఎక్కువ ధర ఇద్దామని నా ఆలోచన. ఏది మేలు?

జవాబు: అమ్మా, మీరు పంపిన లెక్కల్లో ఒక పద్దు నాకు బాగా నచ్చింది. గానుగ రోకలి అరుగుతుందని, కొత్తది చేయించడానికి ఏటా కొంత పక్కన పెడుతున్నారు. కాయ పండే నేలా అలాగే అరుగుతోంది. దానికి మాత్రం పద్దు లేదు.

మీ వైపు ఏటా వేరుశనగ మీద వేరుశనగే. కాయ మీ దగ్గరికి, కాయ కోశాక మిగిలే కట్టె మేతగా పశువుల దగ్గరికి పోతే చేనుకు తిరిగి చేరేది చాలా తక్కువ. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేదే 550 మి.మీ. చుట్టుపక్కల. సత్తువ పోయిన ఎర్రనేల ఆ కాస్త తేమనూ పట్టి ఉంచలేదు. కాయ కట్టడానికి ఊడలు నేలలోకి దిగే వేళ రెండు వారాలు వాన లేకపోతే కాయలు తాలు పోతాయి. ఆ ఏడాది రెండు గానుగలకు సరిపడా కాయ దొరకదు, బ్యాంకు వాయిదా మాత్రం కట్టాల్సిందే.

అందుకే ఈ ఏడాది గానుగ వద్దంటాను. 2 లక్షలు ఇంటి ఖర్చుల కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. 4 లక్షలు కోతల సమయంలో కాయ కొనడానికి ఉంచండి. మిగతా 2 లక్షలు మూడేళ్లపాటు నేల పద్దు.

ఆ పద్దులో మొదటి ఖర్చు నగదు కాదు, నూనె తీశాక మిగిలే చెక్క. 100 కిలోల పప్పు ఆడితే సుమారు 40 కిలోల నూనె వస్తుంది, మిగిలేదంతా దాదాపు చెక్కే. దాన్ని వ్యాపారికి అమ్మే బదులు ఈ రైతులకే ధర తగ్గించి ఇవ్వండి. ఆవు తింటుంది, పేడ ఘనజీవామృతమనే పొడి ఎరువై చేనుకు చేరుతుంది. నగదును కంది, ఆముదం అంతరపంటల విత్తనాలకు, తొలకరికి ముందు చల్లే నవధాన్యాలకు ఇవ్వండి. 12 మందినీ ఒకేసారి దించకండి. నలుగురితో, తలా ఒక ఎకరంతో మొదలుపెట్టండి. మొదట్లో దిగుబడి తగ్గవచ్చు. ఆ నష్టంలో మీ వాటా ఎంతో ముందే కాగితం మీద రాయండి. సేంద్రియ ధ్రువీకరణకు ఏడాది పంటలకైనా 2 ఏళ్ల మార్పు కాలం ఉంటుంది, అందాకా డబ్బాల మీద ఆ మాట వేయకండి.

మీవారి ఆలోచననూ పక్కన పెట్టడం లేదు. కాయ నిలకడగా వస్తే మూడో ఏట గానుగ పెట్టండి. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ ప్రకటించారు. అప్పటికి అది కొనసాగుతోందో లేదో జిల్లా అధికారులను అడగండి. ఆ రాయితీ వెంటనే చేతికి రాదు, అప్పిచ్చిన బ్యాంకులోనే ఉండి తర్వాత అప్పులో సర్దుబాటవుతుంది. కాబట్టి వాయిదాల లెక్కలో దాన్ని కలపకండి.

ముందుగా నిరుడు చెక్క క్వింటాలు ఎంతకు అమ్మారో రాసి పంపండి. రైతులకు ఎంత తగ్గించి ఇవ్వగలరో అక్కడి నుంచి లెక్కేద్దాం.