రోజూ 70 కిలోమీటర్లు: పాత డీజిల్ కారు కొనవచ్చా?

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి పైడిభీమవరంలోని మందుల పరిశ్రమకు ఉద్యోగానికి వెళ్లి వస్తుంటాను. రానూ పోనూ దాదాపు 70 కిలోమీటర్లు. షిఫ్టులు మారడంతో కంపెనీ బస్సు కుదరడం లేదు. 2012 నాటి స్విఫ్ట్ డీజిల్ బేరానికి వచ్చింది, రీడింగు 92 వేలు ఉంది. కొన్నాక ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటరు) ట్యూనింగ్ చేయించి, వెడల్పు టైర్లు, ముందు ఇనుప గార్డు వేయిస్తే పికప్పూ మైలేజీ రెండూ పెరుగుతాయని షెడ్డులో చెబుతున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీ ప్రయాణానికి డీజిల్ కారు సరైనదే. లీటరు పెట్రోలు 109, డీజిల్ 97 రూపాయల చొప్పున లెక్క వేద్దాం. నెలకు 25 రోజులు తిరిగితే 1,750 కిలోమీటర్లు అవుతాయి. జాతీయ రహదారి మీద నిదానంగా నడిపితే ఈ తరగతి డీజిల్ కారు లీటరుకు 20, అదే పరిమాణంలోని పాత పెట్రోలు కారు 16 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, నెలకు మీకు మిగిలేది సుమారు 3,400 రూపాయలు. శ్రీకాకుళం ఊళ్లోనే నెలకు 300 కిలోమీటర్లు తిరిగేవారికి ఇదే లెక్కన మిగిలేది 600 రూపాయల లోపే కాబట్టి, డీజిల్ ఇంజను మరమ్మతుల ఖర్చు ముందు అది ఏ మూలకూ చాలదు. అందువల్ల మీ సహోద్యోగి ఎవరైనా డీజిల్ కారు కొని లాభపడ్డారా, నష్టపోయారా అన్నది చూడకండి. మీ దూరమే మీకు ప్రమాణం.

మీరు చూసిన కారులో ఉన్నది ఫియట్ రూపొందించిన 1,248 సీసీ మల్టీజెట్ ఇంజను. టాటా విస్టా వంటి కార్లలోనూ ఇదే ఇంజను ఉండడం వల్ల దీన్ని విప్పి చూసిన చేతులు మన జిల్లాలో చాలానే ఉన్నాయి, విడిభాగాలకూ కొరత లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లను పూర్తిగా ఆపేసినా, తిరుగుతున్న బండ్లు లెక్కకు మిక్కిలి కాబట్టి ఆ విషయంలో మీరు దిగులు పడనక్కరలేదు.

నాకు అనుమానం కలిగిస్తున్నది ఆ 92 వేల రీడింగు. ఎక్కువ తిరిగే పని ఉన్నవారే డీజిల్ కారు కొంటారు. అటువంటి బండి ఇన్నేళ్లలో ఇంత తక్కువ తిరిగిందంటే అసాధ్యమని అనను గానీ, ఆధారం లేకుండా నమ్మలేను. అధీకృత సర్వీసు కేంద్రంలో నంబరు చెప్పి పాత సర్వీసుల వివరాలు అడగండి. తరువాత డ్రైవరు తలుపు తెరిచి, వంగి బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బరు చూడండి. దాని గాళ్లు అరిగి నున్నబడి, స్టీరింగు తోలు చేతులు పట్టుకునే చోట నిగనిగలాడుతూ ఉంటే, ఆ మీటరును వెనక్కి తిప్పారని అనుకోవడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. కొత్త పెడల్ రబ్బర్లు కనిపించినా అనుమానించవలసిందే.

బండిని పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూస్తామని ముందుగా చెప్పి వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి, మీరు వచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచలేదని నిర్ధారించుకోండి. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఇంజను ముందు భాగం నుంచి గొలుసు కొట్టుకుంటున్నట్టు గలగల వినిపిస్తే టైమింగ్ చైన్ (ఇంజను లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు) సాగి ఉండవచ్చు. ఈ ఇంజనులో అది తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే పొగ బుసబుసమని తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే, ఆ బండిని వదిలేయండి. నీలి పొగ ఆయిల్ మండుతోందని చెబుతుంది. యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కినప్పుడు నల్లపొగ దట్టంగా వస్తే ఇంజెక్టర్లను, టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) గొట్టాలను పరీక్ష చేయించాలి.

వరద నీటిలో మునిగిన బండి కాదని కూడా తేల్చుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో వేల ఇళ్లతో పాటు వాహనాలూ మునిగాయి. అటువంటివి తుడిచి మెరుగుపెట్టి దూరపు జిల్లాల్లో అమ్మకానికి పెట్టడం కొత్త సంగతేమీ కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. పైపైన కడిగినవారు లోపల చుట్టుకుని ఉన్న పట్టీని కడగరు కాబట్టి బురద చార అక్కడ దొరుకుతుంది. స్టెప్నీ గుంతలో ఒండ్రు, సీటు పట్టాల మీద తుప్పు కనిపించినా అదే కథ.

ఇక మార్పుల సంగతి. ఈసీయూ ట్యూనింగ్‌తో పికప్పు పెరగడం నిజమే, కానీ ఆ అదనపు బలాన్ని మోయవలసింది పన్నెండేళ్లు దాటిన క్లచ్, టర్బో. పైగా బీమా సంస్థకు తెలియజేయని మార్పు ఉంటే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. వెడల్పు టైర్ల వల్ల రోడ్డు రాపిడి పెరిగి మైలేజీ తగ్గుతుందే గానీ పెరగదు. ఈ కారు కింది రకాలకు కంపెనీ ఇచ్చిన 165/80 ఆర్14 టైరు స్థానంలో 205/65 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం నాలుగు శాతానికి పైగా పెరుగుతుంది. అప్పుడు మీటరు చూపించే వేగం, దూరం రెండూ అసలు కంటే తక్కువవుతాయి. ముందు గార్డు మాట మరచిపోండి. ఇటువంటి గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. ఢీకొన్నప్పుడు ఆ ఇనుము దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది. అడ్డం వచ్చిన పాదచారి సంగతి చెప్పనే అక్కరలేదు. అనుమతి లేని మార్పులకు 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానాకు, ఆరు నెలల దాకా జైలుకు కూడా వీలు కల్పిస్తోంది.

ఆ మార్పులకు పెట్టే డబ్బుతో ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, ఇంజను ఆయిలు మార్పించి, ఇంజెక్టర్లు పరీక్షించి, వీల్ అలైన్‌మెంట్ సరిచేయించి, కంపెనీ కొలతలోనే నాలుగు మంచి టైర్లు వేయించండి. మైలేజీ కావాలంటే ఎచ్చెర్ల దాటాక వేగం 80 దాటనివ్వకండి, దీనికి మించిన ట్యూనింగ్ నాకు తెలియదు.

ఒక్క విషయం బేరంలో వాడుకోండి. 2012 బండికి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2027లో తీరిపోతుంది. డీజిల్ కార్లకు పదేళ్లే అన్న ఢిల్లీ నిబంధన మనకు లేదు; ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే మరో ఐదేళ్లకు పునరుద్ధరిస్తారు. అయితే 600 రూపాయలున్న ఆ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, పరీక్షకు ముందు చేయించే మరమ్మతులు దానికి అదనం. ఆ మేరకు ధర తగ్గించమని అడగడం న్యాయమే.

ప్రశ్న: పర్లాకిమిడిలో మా బంధువుల డీజిల్ కారు చవకగా ఇస్తామంటున్నారు. ఒడిశా నంబరుతోనే విజయనగరంలో తిప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కొంతకాలమే, అమ్మా. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 ద్వారా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం వాపసు కోసం అక్కడే దరఖాస్తు చేసుకోవాలి. ఫైనాన్సు బాకీ ఉంటే ఆ సంస్థ అంగీకారం లేనిదే ఈ పనేదీ ముందుకు సాగదు. ఈ ఖర్చులన్నీ కలిపి చూస్తే మీరనుకుంటున్న చవక చాలావరకు కరిగిపోతుంది. బంధువులే కదా అని యాజమాన్యం, బీమా మీ పేరుకు మార్పించుకోవడం మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న: డీజిల్‌లో కొంచెం కిరోసిన్ కలిపితే ఇంజను శుభ్రపడుతుందా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: శుభ్రపడదు, పాడవుతుంది. కామన్‌రైల్ ఇంజనులో (ఇప్పటి డీజిల్ కార్లలో ఉండే రకం) డీజిల్‌ను అధిక ఒత్తిడితో పంపే హై ప్రెషర్ పంపుకు జారుడునిచ్చేది డీజిలే. కిరోసిన్ కలిస్తే ఆ జారుడు తగ్గి పంపు అరుగుతుంది, రాలిన ఇనుప రజను ఇంజెక్టర్లలోకి చేరుతుంది. దానికి బదులు వానాకాలంలో డీజిల్ ఫిల్టరు అడుగున ఉండే మర వదులు చేయించి, చేరిన నీటిని దింపించండి.