చిట్టితల్లికి, మూలమట్టం సంగతి

ప్రొద్దుటూరు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

తాతయ్య ఫోటోకు నీ చేత్తోనే టేకు చట్రం కడతావట. రంపం, ఉలి కూడా కొన్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో ఉలి పట్టడం నాతోనే ఆగిపోయిందనుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం నీ వేళ్ల గురించి భయం.

గీత పెన్సిల్‌తో కాకుండా కత్తిమొనతో గియ్యి. గీతకు అవతల, పారేసే వైపు కొయ్యి. మొదట రెండు మూడుసార్లు రంపాన్ని వెనక్కి లాగి గాడి పడనివ్వు. రంపం కదలకుండా ఎడమ బొటనవేలు ఆనించడం మేమంతా చేసేవాళ్లం; నువ్వు చేశావంటే ఊరుకోను. వేలికి బదులు చెక్కముక్క ఆనించు. చిన్నప్పుడు నా బొటనవేలి మీది మచ్చను తడిమి రైలుపట్టా అనేదానివి కదా, అది అలా వచ్చిందే.

ఇక మూలల్లో రెండు కొయ్యలు కలిసే 45 డిగ్రీల కోత. చెక్క వెడల్పు ఎంతో పొడవునా అంతే కొలువు. అక్కడ మూలమట్టంతో, అదే తొంభై డిగ్రీల మూల చూసే L ఆకారపు పనిముట్టుతో, అడ్డగీత గీసి, ఆ చతురస్రానికి కర్ణం గీస్తే చాలు. అయితే ఆ మట్టం నిజం చెబుతోందా?

నాకు పందొమ్మిదేళ్లప్పుడు తాతయ్య మట్టం నా చేతిలోంచి జారి బండల మీద పడింది. విరగలేదు కదా అని తుడిచి గూట్లో పెట్టేశాను, ఎవరికీ చెప్పలేదు. ఆ వారమే మా వీధి అవ్వ చనిపోయిన భర్త ఫోటో తెచ్చి చట్రం కట్టమంది. ఎంతో శ్రద్ధగా కోశాను తల్లీ. మూడు మూలలు అతికాయి, నాలుగోది గోరు దూరేంత నోరు తెరిచింది. కోత కోతకూ అర డిగ్రీ తప్పితే ఎనిమిది కోతలకు నాలుగు డిగ్రీలు. అన్నీ చివరి మూలకే వచ్చి చేరతాయి. నేనేం చేశాను? రంపపు పొట్టులో బంక కలిపి సందు పూడ్చి, రంగు పూసి, డబ్బులు తీసుకున్నాను. చెక్కా సరిగ్గా ఆరలేదు. ఆరేకొద్దీ చెక్క అడ్డంగా కుదించుకుంటుంది, పొడవులో దాదాపు కదలదు. అందుకే మూల లోపలివైపు విచ్చుకుంటుంది. మే నెల ఎండలకు నా పూత రాలి అవ్వ గూట్లోని దీపంలో పడింది. తాతయ్య చూడటానికి వెళ్తే, "దండ వేస్తే కనపడదులే నాయనా" అని బంతిపూల దండ ఆ మూల మీదికి జరిపిందట.

ఆయన నన్ను తిట్టలేదు. మట్టం తెచ్చి తిన్నని అంచుకు ఆనించి ఒక గీత గీశాడు. దాన్నే బోర్లా తిప్పి అదే చోట ఇంకొకటి గీశాడు. పైకి పోయేకొద్దీ గీతలు విడిపోయాయి. "ఈ ఎడంలో సగం మట్టానిది. మిగతాది?" అని అడిగి బయటికి వెళ్లిపోయాడు. కొత్త చట్రం నేనే కట్టి ఇచ్చాను, డబ్బు లేకుండా.

నువ్వు ముందు పనికిరాని ముక్కలు రెండు కోసి, కలిపి మట్టం పెట్టి చూడు. గీతకు వెంట్రుకవాసి మిగిల్చి కోసి, ఆ మిగులు చిత్రిక పట్టి తీసెయ్యి. ఎదురెదురు కొయ్యలు ఒక్క పొడవు ఉండాలి. అతికేటప్పుడు చదునైన కడప బండ మీద పరిచి, చుట్టూ తాడు కట్టి పుల్లతో మెలివెయ్యి. రెండు కర్ణాలూ సమానమైతే ఆరనివ్వు. తప్పితే బంక తడిగా ఉండగానే విప్పెయ్యి, సిగ్గుపడకు.

తాతయ్య మట్టం బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను. ఆయనే ఆకురాయితో సరిచేసింది. అయినా దారిలో కుదుపులుంటాయి. అందగానే బోర్లా తిప్పి రెండు గీతలు గీసి, ఆ ముక్క ఫోటో నాకు పంపు. అప్పటిదాకా టేకు ముట్టుకోకు.

మీ పెదనాన్న