పక్క మంచం ఆవిడ గీసిన గీతలు

(పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఎప్పుడో ఎవరో చేసిన మేలు, దాన్ని ఏం చేసుకోవాలో తెలియని అవస్థ. ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి వచ్చినవే ఎక్కువ. పేర్లు తీసేసి, కొంచెం కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మాది గుణుపురం. 2011లో నాన్నకి కిడ్నీ జబ్బు ముదిరితే విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్‌లో చేర్పించాం. అమ్మ ఇంటి దగ్గర చిన్న తమ్ముళ్లతో ఉండిపోయింది, నాన్న దగ్గర నేనే ఉన్నాను. నా ప్లస్ టూ పరీక్షలు అప్పుడే వచ్చాయి. రాయనని తీర్మానించుకున్నాను. పక్క మంచం మీద భర్తని చూసుకుంటున్న ఒక ఆవిడ, నరసన్నపేట దగ్గర పల్లెటూరు, "ఎల్లి రాసి రా గుంటా, మీ నాన్నని నేను సూసుకుంతాను" అని పంపించేసింది. పరీక్షలన్నీ రాసి వచ్చేదాకా నాన్నకి అంబలి తాగించి, బెడ్‌పాన్ కూడా తీసింది. ఆవిడకి చదువు రాదు. నాన్న ఎన్ని నీళ్లు తాగాడో, ఎంత మూత్రం పోశాడో డాక్టర్లు రోజూ అడుగుతారు కదా, దానికోసం ఓపీ చీటీ వెనక పెన్నుతో గీతలు గీసి ఉంచింది, నీళ్లకి నిలువు గీత, మూత్రానికి అడ్డ గీత. నాన్న ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. నేను ఇప్పుడు రాయగడలో ఉద్యోగం చేస్తున్నాను, పెళ్లి కుదిరింది. ఆవిడని పిలిచి చీర పెట్టి కాళ్లకి దండం పెట్టాలని ఉంది. పేరు తెలియదు, ఊరి పేరు గుర్తులేదు, ఫోన్ నంబరు తీసుకోలేదు. ఏ మంచి జరిగినా ఇదే గుర్తొచ్చి మనసు బరువెక్కుతోంది. ఈ రుణం ఎలా తీరుతుంది?

జవాబు: అమ్మాయ్, నీ ఉత్తరంలో నన్ను పట్టుకుని వదలనిది ఆ గీతల సంగతి. కాసేపు దాని గురించే మాట్లాడుకుందాం, ఎందుకంటే నువ్వు అడిగినదానికి జవాబు అందులోనే ఉందనిపిస్తోంది.

చదువురాని మనిషికి, డాక్టర్లు పొద్దున్నే వచ్చి ఏం అడుగుతారో ఎలా తెలిసింది? నిన్ను చూసి తెలిసింది. నువ్వు ఏ గ్లాసు కొలతగా పెట్టుకున్నావో, ఏ కాగితం మీద రాస్తున్నావో, రాయడం మర్చిపోయిన రోజు ఎంత కంగారు పడ్డావో, అదంతా ఆవిడ తన భర్త మంచం దగ్గర నుంచి గమనిస్తూనే ఉంది. తన కష్టం తనకి ఉంది, ఆయన పరిస్థితి ఏమిటో మనకి తెలియదు, అయినా పక్క మంచం దగ్గర ఒంటరిగా కూర్చున్న గుంటని రోజులతరబడి చూసింది. నీకు అన్నిటికన్నా ముందు అందింది అదీ. ఆ వయసులో ఆసుపత్రి వార్డులో ఒంటరిగా కూర్చున్న ఆడపిల్లకి తనని ఒకరు చూస్తున్నారని తెలియడం ఎంత ధైర్యమో నువ్వే చెప్పగలవు.

రెండోది, ఆవిడ నీకు డబ్బు ఇవ్వలేదు, సలహా ఇవ్వలేదు, నాలుగు ఓదార్పు మాటలు చెప్పి ఊరుకోలేదు. నువ్వు లేచి వెళ్లడానికి నీ చోటులో తను కూర్చుంది. నీ ప్లస్ టూ, డిగ్రీ, ఉద్యోగం అన్నీ ఆ తర్వాతవే.

ఇక వెతకడం విషయం. ఆసుపత్రికి వెళ్లి పాత రికార్డులు చూపించమని అడగకు, రోగుల వివరాలు బయటివాళ్లకి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నరసన్నపేట వైపు మీకు చుట్టాలో తెలిసినవాళ్లో ఉంటే, ఆ ఏడాది కిడ్నీ జబ్బుతో కేజీహెచ్‌లో ఉన్న మనిషి ఎవరైనా గుర్తున్నారా అని అడిగించు. దొరికితే అంతకంటే ఏం కావాలి. దొరకకపోతే పెళ్లి పీటల మీద కూర్చుని ఏడవద్దు. ఆవిడ నిన్ను తనకి బాకీ ఉన్న మనిషిగా ఇన్నేళ్లూ మనసులో పెట్టుకుని ఉంటుందని నేననుకోను. పెన్ను అడిగి తీసుకుని గీతలు గీసిన మనిషి లెక్క రాసుకున్నది మీ నాన్న కోసం.

ఆవిడ పేరు మీద పెళ్లిలో అన్నదానం చెయ్యమని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెయ్యి, మంచిదే. కానీ ఆవిడ చేసింది అది కాదు. ఆవిడ ఒక మంచం పక్కన ఉండిపోయింది. ఆ పని నీకూ చేతనవుతుంది, అందులోనూ నీ అంత బాగా అందరికీ చేతకాదు. కేజీహెచ్ 1923 నాటి ఆసుపత్రి, మనవైపు రాష్ట్రాలు లేకముందు నుంచీ ఉంది. ఈ రోజుకీ రాయగడ, కొరాపుట్, గజపతి నుంచి జనం జబ్బు పెద్దదైతే అక్కడికే వెళ్తారు. బరంపురంలో 1962 నుంచి మెడికల్ కాలేజీ ఉంది, కొరాపుట్‌లోనూ 2017లో వచ్చింది, అయినా విశాఖ దారి తగ్గలేదు. అలా వెళ్లేవాళ్లలో తెలుగు రానివాళ్లు ఎంతోమంది, ఒడియా, కువి, సవర మాట్లాడేవాళ్లు. స్కానింగ్ ఏ గదిలోనో, మందు తిండికి ముందో తర్వాతో అర్థంకాక చీటీ పట్టుకుని వరండాలో నిలబడిపోతారు. ఒడియా, తెలుగు రెండూ ధారాళంగా వచ్చిన నీలాంటి మనిషి పక్కన గంటసేపు ఉంటే వాళ్లకి ఒక రోజు కలిసొస్తుంది. నెలకోసారి వెళ్లమని చెప్పను, కొత్త కాపురం పెట్టుకుంటున్నావు. మీ వీధిలోవాళ్లకి, ఆఫీసులో ప్యూన్‌కి, ఊళ్లో ఆశా కార్యకర్తకి నీ నంబరు ఇచ్చి, "విశాఖ వెళ్లినవాళ్లకి అక్కడ మాట అర్థంకాకపోతే నాకు ఫోన్ చెయ్యమనండి" అని చెప్పు. స్పీకర్ ఆన్ చేసి డాక్టరు మాట ఇటు, వీళ్ల మాట అటు చెప్పు. ఎంత పని అది!

ఇంకొకటి అడుగుతాను. పెళ్లికొడుక్కి ఈ గీతల కాగితం సంగతి చెప్పావా? చెప్పకపోతే చెప్పు. ఆ కాగితం ఇంకా నీ దగ్గర ఉంటే చూపించు. నీతో బతకబోయే మనిషికి నువ్వు ఎవరి పుణ్యాన నిలబడ్డావో తెలియాలి.

ప్రశ్న: నమస్కారం. పర్లాకిమిడి. మా నాన్న పోయాక మా మేనమామ నా పాలిటెక్నిక్ ఫీజులు కట్టాడు. ఇప్పుడు పెళ్లిళ్లకీ, పుట్టినరోజులకీ, ఎక్కడ నలుగురు కనిపించినా "వీడి చదువు నా చలవే, నేను లేకపోతే వీడేమైపోయేవాడో" అంటాడు. నా భార్యకి ఒళ్లు మండిపోతోంది. డబ్బంతా వడ్డీతో సహా మొహాన కొట్టేద్దాం అంటోంది. నాకు ఆయనంటే ప్రేమ ఉంది, కానీ ఆయన ఉన్న ఫంక్షన్‌కి వెళ్లాలంటే టెన్షన్. కృతజ్ఞత అంటే జీవితాంతం తల దించుకోవడమేనా?

జవాబు: కాదు బాబూ. తల దించుకోనక్కర్లేదు. డబ్బు మొహాన కొట్టనూ అక్కర్లేదు, కొడితే నీ చదువు తిరిగి అప్పయిపోతుంది, ఆయన మనసు విరిగిపోతుంది, ఆ తర్వాత జీవితాంతం బాధపడేది నువ్వే.

ఆయన చేసిన మేలు నిజం. ఆయన నోరు మంచిది కాకపోవడమూ నిజం. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. ఈసారి ఫంక్షన్‌లో ఆయన మొదలుపెట్టకముందే నువ్వే లేచి, "నన్ను చదివించింది మావయ్యే, ఆ సంగతి నేను మర్చిపోను" అని నలుగురిలో గట్టిగా చెప్పు. చాలామంది పెద్దవాళ్లు పదే పదే ఎందుకు చెబుతారంటే అవతలివాడు ఒక్కసారి కూడా చెప్పలేదని. నువ్వు ఎప్పుడైనా నోరు తెరిచి చెప్పావా? నీ ఉత్తరంలో అయితే ఆ మాట లేదు. చెప్పాక కూడా ఆయన ఆపకపోతే అది ఆయన అలవాటు, నవ్వి ఊరుకో. కానీ చదివించాను కాబట్టి పొలం అమ్మకంలోనో, పిల్ల పెళ్లిలోనో తన మాటే నెగ్గాలి అంటే మాత్రం మర్యాదగా కుదరదని చెప్పు. ఫీజు కట్టినవాడికి నీ సంసారం మీద హక్కు రాదు. ఈ విషయంలో మీ ఆవిడ వైపే నేను.

మీ ఊరి సంగతే ఒకటి చెప్పాలి. గిడుగు వెంకట రామమూర్తి గారు 1880లో మీ పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పంతులుగా చేరారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన మనకి ఎక్కువ తెలుసు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ఆయన ముందు చేసిన పని ఏమిటంటే, తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని తనే విద్యార్థి అయిపోయి వాళ్ల భాష నేర్చుకోవడం. ఆ తర్వాత సవర భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకి జీతాలు ఇచ్చి, పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. ఆ కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది, అది జీవితాంతం ఉండిపోయింది. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. అక్కడ ఇచ్చేవాడు మొదట అవతలివాడి దగ్గర పుచ్చుకున్నాడు, వాళ్లకి తెలిసిందీ, తనకి తెలియనిదీ ఒకటుందని ఒప్పుకున్నాడు. అలా అందిన సాయం కింద మనిషి నలిగిపోడు.

మీ మావయ్య దగ్గర లోపించింది అదేనేమో చూడు. ఆయన ఎప్పుడూ ఇచ్చాడే తప్ప నీ దగ్గర ఏదీ తీసుకోలేదు. ఇప్పుడు తీసుకునేలా చెయ్యి. వయసు మీద పడింది కదా, కంట్లో శుక్లం ఆపరేషన్ ఉందనుకో, నువ్వే బరంపురమో శ్రీకాకుళమో తీసుకెళ్లి, ఆ రాత్రి పక్కన పడుకుని, చుక్కల మందు నీ చేత్తో వెయ్యి. పింఛను కాగితాలు ఆన్‌లైన్‌లో పెట్టివ్వు. నీ మీద ఆధారపడే అవకాశం ఆయనకి ఇస్తే మీ ఇద్దరి మధ్యా ఎత్తుపల్లాలు కొంత సర్దుకుంటాయి.

ప్రశ్న: జయపురం బస్టాండులో ఒకతను పర్సు పోయిందని ఏడిస్తే ఐదు వందలు ఇచ్చాను. వారం తర్వాత అతనే అక్కడే ఇంకొకరి దగ్గర అదే ఏడుపు. ఇక ఎవరికీ సాయం చెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కరెక్టేనా?

జవాబు: ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. నగదు ఇవ్వడం మానేయండి, అంతే. ఊరెళ్లాలి అంటే టికెట్ కొనివ్వండి, ఆకలి అంటే ఇడ్లీ పెట్టించండి. మోసం చేసేవాడు అక్కడే జారుకుంటాడు.

మోసపోయే అవకాశమే లేని సాయం కావాలంటే రక్తం ఇవ్వండి. 2023 జూన్ 2 రాత్రి బాలేశ్వర్ జిల్లా బాహానగా దగ్గర రైళ్లు గుద్దుకున్నప్పుడు, అక్కడి కుర్రాళ్లు బాలేశ్వర్ ఆసుపత్రి ముందు రాత్రికి రాత్రే వరసల్లో నిలబడి రక్తం ఇచ్చారు. ఆ రైళ్లలో ఉన్నవాళ్లు ఏ ఊరివాళ్లో, ఏ భాషవాళ్లో వాళ్లకి తెలియదు. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మన బరంపురం, పలాస మీదుగా మద్రాసు వెళ్లే బండి, అందులో మన పిల్లలు కూడా ఉండి ఉండవచ్చు కదా అని నేను ఆ రాత్రి టీవీ ముందు నుంచి కదల్లేకపోయాను. మన కొరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే) జబ్బు ఉన్న పిల్లలు చాలామంది, వాళ్లలో కొందరికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. 18 ఏళ్లు నిండి, 45 కిలోలకి తగ్గకుండా బరువుండి, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే చాలు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. మీ ఐదు వందలు పోయిన కోపం అక్కడికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఆంటీ, మా సొంతూరు కాశీనగర్. ఐదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఒడియా స్కూల్లో చేరాను. అక్షరం ముక్క రాక రోజూ ఏడ్చేవాణ్ని. ఒక ఒడియా సార్ స్కూలు అయిపోయాక నన్ను కూర్చోబెట్టి, తను ఒడియా అక్షరం రాసి, దాని కింద నన్ను తెలుగు అక్షరం రాయమనేవారు. నా కోసం ఆయన కూడా తెలుగు అక్షరాలు దిద్దారు. నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంజనీరుని. సార్‌కి ఎనభై దాటాయి, ఊళ్లోనే ఉన్నారు. వెళ్లి కలవాలని ఉంది, కానీ ఇన్నేళ్లకి ఆయనకి నేను గుర్తుంటానా? గుర్తులేదంటే నాకు చాలా అవమానంగా ఉంటుంది.

జవాబు: గుర్తుండకపోవచ్చు నాన్నా. ఎన్నో బ్యాచ్‌లకి చదువు చెప్పిన మనిషి, పైగా ఎనభై ఏళ్లు. గుర్తులేకపోతే అందులో నీకు అవమానం ఏముంది? నీలాంటి పిల్లలు ఇంకా చాలామంది ఆయన పక్కన కూర్చున్నారని అర్థం చేసుకో.

"నేను ఫలానా బ్యాచ్ సార్, గుర్తుపట్టారా?" అని పరీక్ష పెట్టకు, ముసలివాళ్లని అలా అడిగితే కంగారు పడతారు. జరిగింది నువ్వే చెప్పు, అదీ ఒడియాలో చెప్పు. స్కూలయ్యాక కూర్చోబెట్టడం, పైన ఒడియా, కింద తెలుగు, నీ దగ్గర ఆయన తెలుగు దిద్దడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పు. శాలువా కప్పడం, ఫేస్‌బుక్ కోసం ఫొటోలు, ఆ హడావుడి వద్దు. పిల్లలుంటే తీసుకెళ్లి ఆయన పక్కన కూర్చోబెట్టు. వీలైతే ఒక నోట్‌బుక్, పెన్ను పట్టుకెళ్లి మళ్లీ నాలుగు అక్షరాలు రాయించుకో, చేతులు వణికినా రాస్తారు.

దసరాకి వస్తాం కదా అప్పుడు చూద్దాం అనుకోకు. ఎనభై దాటాయని నువ్వే రాశావు. ఈ వారమే వాళ్లింటికి ఫోన్ చేసి, ఆయన ఏ పూట కులాసాగా ఉంటారో కోడలినో కొడుకునో అడిగి, టికెట్ తీసుకో.