భిక్ష అన్న మాట

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. వియత్నాం యుద్ధానికి వెళ్లనని కెనడా చేరిన కుర్రాడు, ఏళ్ల తర్వాత అమెరికా ప్రభుత్వాన్ని క్షమాభిక్ష అడగడం. మంచి వస్తువే. టొరంటో చలి, అద్దె గది, తల్లి ఫోను బాగా కుదిరాయి. చిక్కంతా అర్జీ దగ్గర వచ్చింది.

వాడిచేత 1977లో అమెరికా అధ్యక్షుడు కార్టర్‌కు దరఖాస్తు పెట్టించావు. అప్పుడా అవసరమే లేదు. పదవిలోకి వచ్చిన మర్నాడే, జనవరి 21న, కార్టర్ ఒక్క ప్రకటనతో క్షమించేశాడు. 1964 ఆగస్టు 4 నుంచి 1973 మార్చి 28 దాకా డ్రాఫ్ట్ చట్టాన్ని, అంటే సైన్యంలో నిర్బంధంగా చేర్చుకునే చట్టాన్ని, మీరినవాళ్లకి, హింసకు దిగినవాళ్లు తప్ప, అది వర్తించింది. అప్పటికే శిక్ష పడ్డవాళ్లు కాగితం కావాలనుకుంటే న్యాయశాఖకు రాసి ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు, అంతే. పైగా మూడో పేజీలో నీ హీరో శిక్షణ శిబిరం గోడ దూకాడు. యూనిఫాం వేసుకున్నాక పారిపోతే డెజర్టర్ అంటారు. వాళ్లకు ఈ క్షమాపణ దక్కలేదు. ఆ గోడ తీసెయ్.

అర్జీయే కావాలంటే 1974కి వెళ్లు. సెప్టెంబరు 8న అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్, వాటర్‌గేట్ గొడవలో గద్దె దిగిన నిక్సన్‌ని క్షమించాడు. ఫారం లేదు, షరతు లేదు. సరిగ్గా ఎనిమిది రోజులకు ఈ కుర్రాళ్లకూ దారి చూపించాడు, షరతులతో. కేసు తేలనివాళ్లు ఫెడరల్ ప్రాసిక్యూటర్ ఎదుట హాజరవ్వాలి, శిక్ష పడ్డవాళ్లు క్షమాభిక్ష అర్జీలు చూసే క్లెమెన్సీ బోర్డుకు రాసుకోవాలి. ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్లినవాడు దేశానికి విధేయుణ్నని సంతకం పెట్టాలి, రెండేళ్ల దాకా ప్రజాసేవ చెయ్యాలి. గడువు పొడిగిస్తూ 1975 మార్చి 31 దాకా తెచ్చారు. అర్హుల్లో చాలామంది అసలు రాలేదు.

ఎందుకు రాలేదో నీ కథలో లేదు. మనం అలవాటుగా క్షమాభిక్ష అనేస్తాం, అందులో భిక్ష ఉందని కూడా చూడం. వాళ్లు చూశారు. తప్పు చెయ్యనివాడు చెయ్యి చాచడమేమిటన్నారు. వాళ్లడిగింది ఆమ్నెస్టీ. గ్రీకులో ఆ మాటకు మూలం మరుపు. 1976లో సియాటిల్‌లో మాజీ సైనికుల సభలో కార్టర్ తేడా విప్పి చెప్పాడు: ఆమ్నెస్టీ అంటే నువ్వు చేసింది ఒప్పని, పార్డన్ అంటే ఒప్పో తప్పో వదిలేశామని. తానిచ్చేది రెండోదేనన్నా సభ గోల పెట్టింది.

నాకిది కొంత తెలుసు. సమ్మె తర్వాత మా ఆఫీసులో క్షమాపణ పత్రం రాసిస్తేనే లోపలికి రానిస్తామన్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. రాసిచ్చాను. ‘చేసిన తప్పుకు’ అన్నచోట పెన్ను ఆగింది. పక్క సీటు మిత్రుడు రాయలేదు, తిరిగి రాలేదు కూడా. ముప్పయ్యేళ్లుగా ఇద్దరం కలిసి టీ తాగుతున్నాం, ఆ కాగితం మాట మాత్రం ఎత్తం.

కాబట్టి చివరి ఏడుపు సీను కొట్టెయ్. నీ కుర్రాణ్ని ఆ ఫారం ముందు కూర్చోబెట్టు. ఏ మాట దగ్గర ఆగాడో, అప్పుడు తల్లి ఫోను మోగిందో లేదో రాయి. సంతకం పెడతాడో లేదో నువ్వే తేల్చుకో, నన్నడగకు.

మళ్లీ రాశాక పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పంపు. ఫోనులో చదవడం నావల్ల కావట్లేదు.

మీ అన్నయ్య