నీ కత్తి ఎక్కడ విరుగుతుంది?

తిరుపతి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మూడు వందల ఏళ్ల తరువాత కూడా రెండు కుటుంబాలు చెరువు నీళ్ల కోసమే ద్వంద్వయుద్ధానికి దిగడం నాకు నచ్చింది. చిత్తూరు పల్లెల్లో పుట్టినవాళ్లకు ఆ తగాదా ఎవరూ వివరించనక్కర్లేదు. చిక్కంతా కత్తితోనే. దాని నీలికాంతికి ఒకటిన్నర పేజీ ఇచ్చావు, బరువెంతో చెప్పలేదు. ఒక వాక్యంలో నాయిక చేయి బరువుకు వణుకుతుంది, తరువాతి వాక్యంలోనే దాన్ని విసనకర్రలా తిప్పేస్తుంది. పైగా కాంతితో చేసిన కత్తులు ఒకదాన్నొకటి అడ్డుకోవు. కాంతిలోంచి కాంతి దూసుకుపోతుంది.

పాత యూరప్ యోధులు రెండు చేతులతో పట్టిన పొడవుకత్తులే సాధారణంగా రెండు కిలోల లోపు. నేటి కత్తియుద్ధపు ఆట ఫెన్సింగ్‌లో ఎపే అనే కత్తి 770 గ్రాములు, సేబర్ అనే కత్తి 500 గ్రాములు దాటకూడదు. టోక్యో ఒలింపిక్స్‌లో మన భవానీదేవి పట్టింది సేబరే. బరువు కన్నా తూకం, అంటే కత్తి వేలి మీద సమంగా నిలిచే చోటు, ముఖ్యం. అది పిడి దగ్గర ఉంటే మొన చేతి మాట వింటుంది. మొన వైపు జరిగితే దెబ్బ గట్టిగా పడుతుంది గానీ, వేసిన దెబ్బను వెనక్కి తీసుకోవడం కష్టం. చెరకు నరికే కత్తిని ఒక్కసారి ఊపి చూడు.

లోహం కోసం ఏదో గ్రహం నుంచి స్ఫటికం తెప్పించావు. అంత దూరం ఎందుకు? మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి దశ మోటారు తొడుగు మారేజింగ్ ఉక్కుతో చేసింది. కార్బన్ దాదాపు లేకుండా, 18 శాతం దాకా నికెల్ కలిపిన ఉక్కు అది. అంతర్జాతీయ పోటీల్లో ఎపేకూ, ఫాయిల్ అనే మరో రకం కత్తికీ అలుగులు, అంటే పిడి ముందుండే లోహపు భాగాలు, దానితోనే చేస్తారు. పదును కోసం కాదు, భద్రత కోసం. 1982లో రోమ్ ప్రపంచ పోటీల్లో ప్రత్యర్థి ఫాయిల్ విరిగి, ఆ ముక్క ముసుగులోంచి దూరి సోవియట్ ఆటగాడు వ్లదిమిర్ స్మిర్నోవ్ ప్రాణం తీసింది. ఆ తరువాతే భద్రతా నిబంధనలు బిగిశాయి. మారేజింగ్ ఉక్కులో పగులు నెమ్మదిగా పాకుతుంది.

నీ కత్తి ఎలా విరుగుతుందో ఆలోచించావా? తొలి నెత్తురుతో పోరు ఆగాలన్నది నీ కథాలోకపు చట్టమైతే, విరిగిన కత్తి ప్రాణం తీయకుండా పగులును పసిగట్టే సన్నని తీగను అలుగులో పొదుగుతారు. తీగ మోగితే పోరు ఆపాలి. అది మోగినట్టు నాయిక ఒక్కదానికే వినిపిస్తే? గెలుపు అంగుళం దూరంలో ఉంటే?

నా మాటనూ మరీ నెత్తిన పెట్టుకోకు. నా తొలి నవలలో చంద్రగిరి కోట వీరుడొకడు రెండు కత్తులను ఒకే ఒరలో దోపుకున్నాడు. ఒక పాఠకుడు పోస్టుకార్డు మీద సామెత మాత్రం రాసి పంపాడు.

కాంతి పేజీలు కొట్టేసి, తొమ్మిదో పేజీతో మొదలుపెట్టు. అక్కడ తండ్రి పిడికి తోలు చుడుతుంటాడు. ఆ తోలు ఎందుకు తడిసి ఉందో నాకింకా అర్థం కాలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు