యుద్ధం నవల రాసిన రాయచోటి అమ్మాయికి

కడప

అమ్మా,

నీ రాతప్రతి రెండుమార్లు చదివాను. మొదటి పేజీలోనే కోపమొచ్చింది. "వాషింగ్టన్‌లో ఒక వేలు బటన్ నొక్కింది, మూడో ప్రపంచ యుద్ధం మొదలైంది" అని రాశావు. నువ్వడిగిన నాలుగు ప్రశ్నలూ పక్కనపెట్టి ముందు ఈ వాక్యం సంగతి తేల్చాలనే ఈ ఉత్తరం.

ప్రపంచ యుద్ధం అట్లా మొదలుకాదు. 1914 చూడు. జూన్ 28న బోస్నియాలోని సారాయెవోలో ప్రిన్సిప్ అనే పంతొమ్మిదేండ్ల సెర్బు యువకుడు ఆస్ట్రియా యువరాజును, అతని భార్యను కాల్చి చంపాడు. ఇంగ్లండు యుద్ధంలోకి దిగింది ఆగస్టు 4న. నడుమ 37 రోజులు. ఆ రోజుల్లో రాజధానుల మధ్య తిరిగినవి తంతులు (టెలిగ్రాములు), గడువు పెట్టిన హెచ్చరికలు, సైన్యాన్ని మోసే రైళ్ళ టైంటేబుళ్ళు. రష్యా చక్రవర్తి జారు జులై 29న సైన్యాన్నంతా కదిలించమని ఆజ్ఞ ఇచ్చి, జర్మనీ చక్రవర్తి కైజరు తంతి అందగానే ఆ రాత్రే వెనక్కి తీసుకున్నాడు. సేనానులు, మంత్రులు వెంటపడితే మర్నాడు మళ్ళీ ఇచ్చాడు. ఆగస్టు 1న కైజరు, ఫ్రాన్సు జోలికి పోకుండా దండునంతా తూర్పున రష్యా మీదికే తిప్పమన్నాడు. ఏండ్ల తరబడి కట్టిన రైళ్ళ ఏర్పాటు, ఇప్పుడు మార్చడం కుదరదన్నాడు సేనాధిపతి మోల్ట్కే. జారూ కైజరూ చుట్టాలు. ఒకరికొకరు తంతులు పంపుకుంటూనే లక్షలమందిని చావుకు తోలారు. సంతకం పెట్టి, చెరిపి, మళ్ళీ పెట్టిన ఆ చెయ్యి కంటే పెద్ద పాత్ర నీకు యాడ దొరుకుతుంది? నువ్వేమో దాన్ని ఒక్క వేలు చేసి, మూడు లైన్లలో దాటేశావు.

యుద్ధం నడిచే తీరులోనూ ఇదే చిక్కు. నీ నవల్లో నూటపది పేజీలు క్షిపణులే. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. మనవాళ్ళు దాన్ని తరాలపాటు చెప్పుకున్నారు. ఆ యుద్ధంలో భారతీయ సిపాయిలు డెబ్బై నాలుగు వేలమంది చనిపోయారు. కానీ 1918లో సిపాయిల ఓడలతోపాటు బొంబాయిలో దిగిన ఫ్లూ జ్వరం ఈ దేశంలో కోటిమందికి పైగా తీసుకుపోయింది. రెండో యుద్ధంలో 1942లో బర్మా జపాను చేతికి పోయింది, అక్కడి బియ్యం ఆగిపోయింది. ఒక్క అదే కారణం కాకపోయినా, మరుసటేడు బెంగాల్‌లో ముప్పై లక్షలమంది దాకా ఆకలితో, రోగాలతో పోయారు. వాళ్ళెవరికీ తూటా తగల్లేదు. యుద్ధం నవల రాసేవాళ్ళకు ధాన్యం ధర తెలిసుండాలని నేను మొండిగా నమ్ముతా. ఫిరంగి పేరు తెలియకున్నా ఫరవాలేదు.

మా జేజి ఆ రెండో యుద్ధం గురించి చెప్పేటప్పుడు హిట్లర్ పేరు ఎత్తేది కాదు. కిరసనాయిలు దొరక్క పొద్దుగుంకకముందే సంగటి తిని పడుకోవడం, పెండ్లికూతురికి కంట్రోలు గుడ్డ (రేషను మీదిచ్చే బట్ట) కోసం వరసలో నిలబడటం చెప్పేది. వయసులో ఉన్నప్పుడు అదే కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. "యుద్ధం కథలో యుద్ధభూమి ఏదీ?" అని సంపాదకుడు తిప్పి పంపాడు. తర్వాత కొన్నేండ్లకు సినిమాల్లో సీమంటే సుమోలు, నాటుబాంబులే అయినాక, అదే పత్రిక నుంచి "మీ ప్రాంతం ఫ్యాక్షన్ కథ ఒకటి పంపండి" అని కార్డొచ్చింది. నేను పంపలేదు. రెండుమార్లూ వాళ్ళకు కావలసింది పేలుడే. కరువులో ఊరిడిచి పోయిన కుటుంబాల గురించి అట్లా కార్డు రాసి అడిగినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. నీ నూటపది పేజీల క్షిపణుల్లో నాకు ఆ సంపాదకుల గొంతే వినపడింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ముగింపు కూడా మార్చాల్సిందే. సంతకాలయ్యాయి, పావురాలు ఎగిరాయి అని రాశావు. 1918 నవంబరు 11న ఫ్రాన్సులోని కంపియేన్ అడవిలో రైలుపెట్టెలో తెల్లవారుజామున ఐదు దాటాక కాల్పుల విరమణ మీద సంతకాలయ్యాయి. కాల్పులు ఆగాల్సింది మాత్రం పదకొండు గంటలకు. ఆ ఒక్కరోజే రెండువేల మందికి పైగా చచ్చిపోయారు. జర్మనీకి తిండి పోకుండా గెలిచినవాళ్ళ ఓడలు పెట్టిన అడ్డు మరుసటేడు జులై దాకా పూర్తిగా తీయలేదు. గెలిచిన ఇంగ్లండులో రెండో యుద్ధం నాటి రేషను 1954 దాకా సాగింది. పావురాలు తీసెయ్.

ఇంక ఎనభై మూడో పేజీ. కువైట్‌లో పనిచేసే తల్లి వాయిస్ మెసేజ్: "ఈ నెల కఫీలు జీతం ఇయ్యలేదు పాపా, ఫీజుకు ఇంకొన్నాళ్ళు ఆగమని చెప్పు." కఫీలంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని. అక్కడ పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను పట్టుకున్నప్పుడు జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి లక్షా డెబ్బై వేలమంది దాకా మనవాళ్ళను విమానాల్లో తెచ్చారు. అట్లా తిరిగొచ్చిన ఒకామెతో రాయచోటి బస్టాండులో మాట్లాడాను. యుద్ధం గురించి అడిగితే, పిల్లలకని కొన్న దుప్పట్లు ఎడారిలో వదిలేశానని, రెండేండ్ల జీతంలో సగం యజమాని దగ్గరే ఉండిపోయిందని చెప్పింది.

నీ నవల ఆ వాయిస్ మెసేజ్‌తో మొదలుకావాలి. మీ వీధిలో అప్పుడు తిరిగొచ్చినవాళ్ళు ఇంకా ఉంటారు, పోయి కూర్చో. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండేది, డబ్బు పంపడం ఏ రోజు ఆగింది, ఇక్కడ వడ్డీకిచ్చినవాళ్ళు ఎన్నాళ్ళు ఓర్చుకున్నారు, అన్నీ అడిగి రాసుకో. 1914 జులై గురించి నా దగ్గరున్న పుస్తకాలు కడపకొచ్చినప్పుడు తీసుకుపో. దసరా లోపల మొదటి మూడు అధ్యాయాలు తిరగరాసి పంపు.

ఆశీస్సులతో